గంట మోగితే కన్నుకొట్టే దీపాలు

మా డ్రాయింగు గదిలో ఒక్కటే నియమం. బొమ్మను ఇంకొకరు చదువుతున్నంతసేపూ గీసినవాడు నోరు విప్పకూడదు.

చదవడమంటే చూసి తలూపడం కాదు. ఆ యంత్రం లోపలి సంగతి తెలియని మనిషిని తెచ్చి కూర్చోబెడతాం. అతను సర్క్యూట్ బొమ్మ మీద వేలు పెట్టి, కరెంటు ఎక్కడ బయలుదేరింది, ఎక్కడ ఆగింది, ఏ స్విచ్ నొక్కితే ఏ రిలే పడుతుంది, అన్నీ పైకి చెప్పుకుంటూ పోతాడు. గీసినవాడు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడాలి. "అది అలా కాదు" అన్నాడా, బొమ్మ చెత్తబుట్టకు. "అదీ..." అని ఆగినా చెత్తబుట్టకే. యంత్రం వెళ్ళిన ప్రతి చోటుకీ బొమ్మతోపాటు గీసినవాడిని కూడా మడతపెట్టి పంపలేం కదా.

ఆ నియమం పెట్టింది నేనే. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని బొమ్మలు చించానో గుర్తులేదు. నా వెనక అందరూ నన్ను ఎర్రపెన్సిలు అంటారు. అననీ. చెత్తను చెత్త అనడానికి మొహమాటం దేనికి?

మేము చేసేది పిల్లల పార్కుల్లో తిరిగే యంత్రాలకు కంట్రోలు పెట్టెలు. రంగులరాట్నం, ఊగే పడవ, గుద్దుకునే కార్లు. ఒక సోమవారం ఉదయం యజమాని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మంచి కబురైతే గుమ్మంలోంచే అరిచే మనిషి. దగ్గరికి వచ్చి నిలబడ్డాడంటే చెడ్డ కబురు కూడా ఏదో ఉందన్నమాట.

మంచి కబురు ఇది. మా ఊరి పార్కులో తిరిగే రంగులరాట్నం వేరే ఊరి వాళ్ళకు నచ్చింది. అచ్చం అలాంటివే రెండు కావాలట. గుర్రాలు, గొడుగు, మోటారు వాళ్ళే చేయించుకుంటారు. కంట్రోలు పెట్టె కూడా వాళ్ళ పనివాళ్ళే కడతారు. మేము ఇవ్వాల్సింది బొమ్మ మాత్రమే. గురువారం వాళ్ళ మెకానిక్కు వచ్చి చదువుతాడు. చదవగలిగితే సంతకం పెట్టి పట్టుకుపోతాడు.

చెడ్డ కబురు ఆ తరవాత మెల్లగా చెప్పాడు. అతను చదవలేకపోతే ఇక మీదట బొమ్మల పని బయట కంప్యూటరు వాళ్ళకు ఇచ్చేస్తాడు. నా డ్రాయింగు బల్ల తీసేస్తారు. నన్ను స్టోర్సులో వేస్తారు.

"స్టోర్సులో కుర్చీ బాగుంటుంది పెద్దాయనా. కిటికీ కూడా ఉంది" అన్నాడు.

రాట్నం పెట్టె బొమ్మ నాదే. ఇరవై రెండేళ్ళ కిందట గీశాను. నా మొదటి పెద్ద పని. దాన్ని చదవలేని మెకానిక్కు పుట్టలేదనుకున్నాను.

బయటి మనిషికి చూపించేముందు మా రిపేరు బల్ల దగ్గర ఒకసారి చదివించడం మా పద్ధతి. రిపేరు బల్ల దగ్గర కూర్చునేది మా మరదలు, మా ఆవిడ చెల్లెలు. మా ఆవిడే పట్టుబట్టి ఆమెను పదిహేనేళ్ళ కిందట ఇక్కడ చేర్పించింది. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పోయిన వారానికి మరదలు నా గుమ్మంలో నిలబడి ఒక మాట అంది. "మా అక్కకు సవతి ఎక్కడో లేదు బావా, మీ డ్రాయింగు బల్ల మీదే పడుకుని ఉంది." ఆ మాట నేను మరవలేదు. మరవాలని ప్రయత్నించనూ లేదు. అప్పటినుంచి మా మధ్య మాటలన్నీ కాగితం అంచుల మీదే. నావి ఎర్రపెన్సిలుతో, ఆమెవి నీలిపెన్సిలుతో.

బొమ్మ పంపాను. అరగంటలో తిరిగొచ్చింది. అంచున నీలిపెన్సిలుతో ఒక్కటే మాట. "చదవలేను."

లేచి వెళ్ళాను. ఆరేళ్ళలో ఆమె బల్ల దగ్గరికి నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళడం అదే మొదలు. ఆ గదిలో నలుగురు పనిచేస్తారు. నలుగురి చేతుల్లోనూ టంకం కర్రలు ఆగాయి.

ఆ పెట్టెను నలభైసార్లు బాగుచేసిన మనిషికి దాని బొమ్మ చదవడం రాదా అని అడిగాను. బాగుచేసింది పెట్టెను చూసి, బొమ్మను చూసి కాదు అంది. ఈ బొమ్మ మడత తాను ఇన్నేళ్ళలో విప్పనే లేదట. ఒకసారి విప్పబోతే తల తిరిగి మళ్ళీ మడిచేసిందట.

"మీరే చదవండి బావా. నేను నోరు మూసుకుని కూర్చుంటా."

"అది నీకు చేతనవునా?" అన్నాను.

వెనక ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. నేను బొమ్మ పరిచాను.

దుప్పటంత కాగితం. ఆ వయసులో మొత్తం రాట్నాన్ని ఒకే కాగితం మీద ఇరికించడం మగతనం అనుకునేవాణ్ణి. సప్లై గీత ఎడమవైపు అడుగున మొదలై, కాగితం చుట్టూ ప్రదక్షిణం చేసి, పైన కుడిమూలలో లోపలికి దూరింది. దాంతోపాటే నా వేలూ తిరిగింది. రెసిస్టెన్సుల విలువలు వాటి పక్కన లేవు. కింద ఒక పట్టికలో ఉన్నాయి. ప్రతిదానికీ కిందికి దిగి, చూసుకుని, పైకి వచ్చేసరికి ఎక్కడ ఉన్నానో మరిచిపోతున్నాను. మోటారు దాటాను. సంగీతం దాటాను. గంట దగ్గరికి వచ్చాను.

గంట స్విచ్ నుంచి బయలుదేరిన గీత నిలువుగా కిందికి దిగుతుంది. దీపాలను వెలిగించి ఆర్పే దీపాల కార్డు నుంచి వచ్చే గీత అడ్డంగా పోతుంది. రెండూ ఒకచోట ఒకదాన్నొకటి దాటుతాయి. దాటేచోట ఆవగింజంత నల్లటి మచ్చ ఉంది. అది చుక్క అయితే ఆ రెండు వైర్లనూ కలపాలని అర్థం. చుక్క కాకపోతే ఎవరి దారిన వారు పోతారు. భూతద్దం తెచ్చి చూశాను. కాగితం తిప్పి వెలుతురుకు పెట్టి చూశాను.

"ఇది దాటడమే" అన్నాను చివరికి. "అప్పట్లో గీసినప్పుడు సిరా తడిగా ఉండి కొంచెం పాకింది."

మరదలు నోటి మీదనుంచి వేలు తీసింది.

"అప్పట్లో అన్నారు. బొమ్మలో 'అప్పట్లో' ఎక్కడుంది? చూపించండి."

చూపించలేకపోయాను. నియమం నియమమే. అక్కడే నిలబడి నా బొమ్మను నేనే చించాను. ఇన్నేళ్ళలో చించినవాటన్నిటిలోకీ గట్టి కాగితం అది. మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

తరవాత యజమాని దగ్గరికి వెళ్ళి, కొత్తగా గీస్తాననీ, మరదలిని మూడు రోజులు నా బల్ల దగ్గర కూర్చోబెట్టమనీ అడిగాను. ఆయన కాసేపు పైకప్పు చూశాడు. కొట్టుకోరు కదా అని అడిగాడు. హామీ ఇవ్వలేనన్నాను.

ఆమె తన స్టూలు తనే మోసుకుంటూ వచ్చింది. కూర్చుంటూనే మొదలుపెట్టింది. తాను బొమ్మ దగ్గరికి వచ్చేది ఏదో ఆగిపోయినప్పుడే. చుట్టూ జనం ఉంటారు. పిల్లలు ఏడుస్తుంటారు. ఒక చేతిలో మీటరు ఉంటుంది. అప్పుడు వేలు ఎడమనుంచి కుడికి పోవాలి, పుస్తకంలో వరస చదివినట్టు. వెనక్కి తిరిగి, చుట్టు తిరిగి, మేడెక్కి దిగే ఓపిక అప్పుడు ఎవరికీ ఉండదు.

అందుకని స్విచ్‌లన్నీ ఎడమవైపు పెట్టాం. మోటారు, దీపాలు, గంట, అంటే ఆ స్విచ్‌లు చేయించే పనులు, కుడివైపు. సప్లై పైన, ఎర్తు అడుగున. కరెంటు పైనుంచి కిందికి, నీళ్ళు పల్లానికి దిగినట్టు దిగాలి. ఏ వస్తువు విలువ దాని పక్కనే. ఒక్క కాగితం నాలుగు కాగితాలయింది: మోటారుకు ఒకటి, దీపాలకు ఒకటి, సంగీతానికి ఒకటి, గంటకూ ఆపే స్విచ్‌లకూ ఒకటి.

ప్రతిదానికీ పోట్లాడాను. కాగితం ఈ మూలనుంచి ఆ మూలకు పోతున్న ఒక పొడుగు గీతను చూసి, ఇది ఇంత దూరం ఎందుకు నడుస్తోంది, సంబంధం చూడ్డానికి వెళ్తోందా అని అడిగింది. దాన్ని నరికి, రెండు కొసలకూ ఒకే పేరు రాయమంది. పేరు చూసి మనిషిని పోల్చుకోమా, చేయి పట్టుకుని ఇంటిదాకా నడిపించాలా అంది. నరికాను. రెండు రిలేలు పక్కపక్కన గీస్తే, తోడికోడళ్ళలాగా మోచేతులు తగులుతున్నాయంది. జరిపాను.

మా ఊరి బడిలో ఒక మాస్టారు ఉండేవారు. పలక మీద అక్షరానికీ అక్షరానికీ మధ్య తన చిటికెనవేలు పెట్టి చూసేవారు. వేలు పట్టకపోతే మా చెవి ఆయన చేతిలోకి పోయేది. మరదలు ఆయన్ని ఎరగదు. అయినా రెండు రిలేల మధ్య చిటికెనవేలే పెట్టి చూసింది. నా చెవి దానంతటదే వేడెక్కింది.

అన్నిటికంటే పెద్ద యుద్ధం చుక్కల మీద జరిగింది. నాలుగు గీతలు ఒకచోట కలిసి మధ్యలో చుక్క ఉంటే అది అందమని నా నమ్మకం. ఆమె ఒప్పుకోలేదు. ఆ చుక్క కాపీల్లో చెరిగిపోతే దాటడం అనుకుంటారు. చుక్క లేనిచోట మచ్చ పడితే కలవడం అనుకుంటారు. కాబట్టి నాలుగు గీతలు ఒకచోట కలవనే కూడదు. ఒకటి కాస్త పైన వచ్చి ఆగాలి, ఇంకొకటి కాస్త కింద వచ్చి ఆగాలి. వచ్చి ఆగిందంటే కలిసినట్టు. ఆగకుండా పోయిందంటే దాటినట్టు. అప్పుడు చుక్కలన్నీ ఈగలు ఎత్తుకుపోయినా బొమ్మ నిలబడుతుంది.

ఇరవై ఆరేళ్ళు అందరి బొమ్మలూ చించినవాడికి ఈ సంగతి తట్టలేదు. పైకి మాత్రం, చూద్దాంలే అన్నాను.

గంట బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు, గంట లైనునూ దీపాల లైనునూ కలపరా అని ఆమె అడిగింది. వాటికేం సంబంధం అన్నాను. ఆమె నా మొహం కాసేపు వింతగా చూసింది. సరే, బుధవారం పార్కులో చూద్దాం అని ఊరుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. ఒక ట్రాన్సిస్టరును నేను తలకిందులుగా గీశాను. అది చూసి ఆమె తన మెడ వంచి, తలకిందులుగా నా మొహంలోకి చూస్తూ, పాపం దీనికి రక్తం తలకెక్కుతుందేమో బావా అంది. నేను నవ్వాను. పక్క గదిలోంచి టైపు చేసే ఆవిడ పరుగెత్తుకొచ్చి ఏం పడిపోయిందని అడిగింది.

బుధవారం ఉదయం నాలుగు కాగితాలూ చంకన పెట్టుకుని పార్కుకు వెళ్ళాం. గీసిన బొమ్మను అసలు పెట్టెతో వైరు వైరుకూ పోల్చిగానీ బయటికి పంపం. రాట్నం నడిపే మనిషిని అందరూ రాట్నం తాత అంటారు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. అయినా నేనూ తాత అనే అంటాను. మమ్మల్ని చూసి, అప్పటికే ఎక్కిన పిల్లల్ని కాసేపు ఆగమన్నాడు. వాళ్ళు గుర్రాల మీదనుంచి దిగలేదు. నడుమ ఉన్న స్తంభం దగ్గర తాత పెట్టె తలుపు తీశాడు.

మరదలు లోపల తల పెట్టి ఒక్కొక్క వైరూ చెబుతోంది. నేను కాగితం మీద గుర్తు పెడుతున్నాను. మోటారు సరిపోయింది. సంగీతం సరిపోయింది. దీపాల కార్డు సరిపోయింది. గంట దగ్గర ఆమె ఆగింది.

"పసుపు వైరు. గంట లైను నుంచి దీపాల కార్డులోకి. మీ కాగితంలో ఉందా?"

లేదు. ఉండకూడదు. తల లోపల పెట్టి నేనూ చూశాను. ఇరవై రెండేళ్ళ దుమ్ము పట్టిన పసుపు వైరు. స్క్రూల కింద బుద్ధిగా బిగించి ఉంది.

అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆనాడు ఈ పెట్టె కట్టినవాడు నా బొమ్మలో ఆ మచ్చ చూశాడు. చుక్క అనుకున్నాడు. కలిపాడు. వాడు తప్పేమీ చెయ్యలేదు. నా కాగితం చెప్పినట్టు విన్నాడు. అందుకే గంట నొక్కినప్పుడల్లా గొడుగు కింద దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్ళీ వెలుగుతాయి. గంట మూడుసార్లు మోగడం, దీపాలు మూడుసార్లు కన్నుకొట్టడం, తరవాత రాట్నం కదలడం. రోడ్డు మీద పోతూ ఎన్నోసార్లు చూశాను. తాత ఇంకో స్విచ్‌తో ఆడుకుంటున్నాడనుకున్నాను. దగ్గరికి వచ్చి చూసింది లేదు. ఎక్కింది అసలే లేదు.

"తీసెయ్" అన్నాను.

"బావా..."

"కాగితం కరెక్టు. పెట్టె తప్పు. తీసెయ్."

ఆమె స్క్రూ విప్పి పసుపు వైరు తీసి నా చేతిలో పెట్టింది. తాత తలుపు వేసి, తన చోటికి వెళ్ళి, గంట మూడుసార్లు కొట్టాడు. గంట మోగింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. రాట్నం కదిలింది.

పిల్లలు ఒక్కరూ అరవలేదు. అందరూ తలలెత్తి గొడుగు కేసి చూస్తున్నారు. ఒక చుట్టు, రెండు చుట్లు తిరిగింది. మందులు మింగుతున్నట్టు కూర్చున్నారు. ఆగాక ఒక పిల్ల తెల్లగుర్రం మీదనుంచి దిగి తాత దగ్గరికి వెళ్ళింది. ఐదేళ్ళుంటాయి.

"తాతా, రాట్నం మామీద అలిగిందా?"

తాత నాకేసి చూశాడు. నేను కాగితాలు సర్దుకున్నాను. పిల్లలు దిగి మెట్ల మీద కూర్చున్నారు. తాత గంట మళ్ళీ కొట్టాడు. ఎవరూ ఎక్కలేదు.

అలవాటు పడతారులే అన్నాను. పొరపాటును పొరపాటు అనాలి. ఇవాళ దీన్ని వదిలేస్తే రేపు ప్రతివాడూ తన మచ్చను చుక్క అంటాడు. ఇంకా ఏవో అన్నాను. మరదలు అంతా విని, స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంటూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

వాళ్ళక్క ప్రతి ఆదివారం సాయంత్రం మరదలి పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చేదట. నేను బల్ల మీద వంగి ఉండే వేళల్లో. పిల్లల్ని ఎక్కించి ఊరుకునేది కాదట. తనూ ఎక్కేదట. గంట మోగి దీపాలు కన్నుకొట్టగానే అందరికంటే గట్టిగా నవ్వేదట.

"'చూశావా, ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చునే మనిషి పెట్టెలో ఎంత సరసం దాచాడో' అనేది. మీరు కావాలని పెట్టారనే అనుకుంది బావా. నేనూ అలాగే అనుకున్నా."

నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను.

"చెబితే తీసేస్తారని."

నిజమే. తీసేసేవాణ్ణే. మా ఆవిడకు నా సంగతి పూర్తిగా తెలుసు. ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్క విషయంలో నన్ను నాకంటే మంచివాడనుకుంది.

పసుపు వైరు మరదలి చేతిలో పెట్టాను.

"కట్టు. కానీ ఊరికే కట్టకు. డయోడ్ పెట్టి కట్టు."

ఊరికే కలిపితే గంట దీపాలను కదిలించినట్టే దీపాలూ గంటను కదిలిస్తాయి. అప్పుడప్పుడూ ఎవరూ నొక్కకుండానే గంట దగ్గుతుంది అని తాత ఒప్పుకున్నాడు. దానికి వయసైపోయిందనుకున్నాడట. డయోడ్ పెడితే కరెంటు ఒకవైపే పోతుంది. గంట చెబితే దీపాలు వింటాయి. దీపాలు తిరిగి గంటకు చెప్పలేవు.

"ఒకవైపు చెప్పడమే, ఎదురు వినడం ఉండదు" అంది మరదలు, సంచిలో డయోడ్ వెతుకుతూ. "దీనికి మీ పేరే పెట్టాలి."

పది నిమిషాల్లో టంకం పెట్టేసింది. తాత గంట నొక్కాడు. దీపాలు కన్నుకొట్టాయి. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు లేచిన వేగం చూసి మేమిద్దరం పక్కకు తప్పుకున్నాం. తెల్లగుర్రం పిల్ల అందరికంటే ముందు ఎక్కింది. వాళ్ళ అరుపులకు తాత చెవులు మూసుకున్నాడు. రెండు చేతులూ చెవులకే పోవడంతో మూడో గంట ఆలస్యమైంది. దానికి ఇంకా గట్టిగా అరిచారు.

ఆ మధ్యాహ్నం గంట కాగితం మళ్ళీ గీశాను. గంట లైను నుంచి ఒక గీత విడిగా బయలుదేరి, డయోడ్ గుండా పోయి, దీపాల లైనుకు వచ్చి ఆగింది. ఆగినచోట చుక్క పెట్టాను. ఈసారి ఎవరూ మచ్చ అనుకోలేనంత గుండ్రంగా పెట్టాను. పెడుతుంటే కొంచెం సరదాగా కూడా ఉంది.

అంతటితో సరిపోదంది మరదలు. తెలివైన మెకానిక్కు ఎవరైనా ఇది చూసి తప్పనుకుని పీకేస్తాడు. ఎందుకుందో పక్కన రాయాలి. రాశాను. "గంట కొట్టినప్పుడు దీపాలు ఆరి వెలుగుతాయి. కావాలనే పెట్టాం. తీయవద్దు." ఆమె చదివి నీలిపెన్సిలు తీసి 'కావాలనే' కింద గీత గీసింది.

"కాగితం మీద అబద్ధం రాస్తారా? మీరేనా?"

చెరిపేశాను. చాలాసేపు ఆలోచించి మళ్ళీ రాశాను.

గురువారం ఆ మెకానిక్కు వచ్చాడు. భారీ మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీద, నిద్రపోయి లేచినట్టున్న గొంతు. బల్ల ముందు కూర్చున్నాడు. గీసింది ఇద్దరం కాబట్టి ఇద్దరం ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాం. యజమాని మూల స్టూలు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. స్టోర్సు తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది.

మోటారు కాగితం ఐదు నిమిషాల్లో చదివేశాడు. వేలు ఎడమనుంచి కుడికి, ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా పోయింది. సంగీతం ఇంకా త్వరగా అయింది. దీపాల దగ్గర ఒక గీత కొసన పేరు చూసి, తనంతట తనే రెండో కాగితం తీసి, అదే పేరున్న కొస పట్టుకున్నాడు. మరదలి మోచేయి నా మోచేతికి తగిలింది.

నాలుగో కాగితం. గంట స్విచ్, గంట రిలే, గంట. ఆపే స్విచ్‌లు. తరవాత వేలు డయోడ్ మీదికి వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చి ఆగింది.

"గంట లైను దీపాల్లోకి పోతోంది" అన్నాడు. తలెత్తి నాకేసి చూశాడు. "ఎందుకు?"

నా నాలుక చివర జవాబు ఉంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో కాగితం చెత్తబుట్టకూ, నేను కిటికీ ఉన్న కుర్చీకీ పోతాం. పళ్ళు బిగించాను. చాలదేమోనని మరదలు మడమతో నా కాలు తొక్కింది.

వేలికి అరచేయి దూరంలో నేను రాసిన మాటలున్నాయి. ఆయన వాటిని చూడటం లేదు. కళ్ళద్దాలు ఇంకా నుదుటి మీదే ఉన్నాయి. అటు చూడాలనిపించింది. చూస్తే చూపుతో చెప్పినట్టే. తల పూర్తిగా ఎత్తి పైకప్పు చూశాను. అక్కడ ఒక ఫ్యాను ఉంది. దానికి మూడు రెక్కలున్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే.

చాలాసేపటికి కళ్ళద్దాలు ముక్కు మీదికి దిగిన చప్పుడు వినిపించింది. ఆ నిద్రగొంతు పైకి చదవడం మొదలుపెట్టింది.

"గంట కొట్టినప్పుడు దీపాలు కన్నుకొట్టాలి. మొదట ఇది గీసినవాడి పొరపాటు. ఇప్పుడు కాదు. తీయవద్దు."

యజమాని గోళ్ళు చూసుకోవడం ఆపాడు. ఆ మనిషి ఇంకొకసారి చదివాడు, ఈసారి లోపల. తరవాత భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి మాకు కొంచెంసేపు పట్టింది.

నిన్న సాయంత్రమే ఊళ్ళోకి వచ్చి నేరుగా పార్కుకు వెళ్ళాడట. గంటసేపు నిలబడి చూశాడట. వాళ్ళ ఊరివాళ్ళు ఈ రాట్నమే కావాలని పట్టుబట్టింది గుర్రాలను చూసి కాదు, ఆ కన్నుకొట్టడం చూసి. మీ బొమ్మలో అది కనబడకపోతే సంతకం పెట్టకుండా రైలెక్కుదామని అనుకుని వచ్చానన్నాడు. కలం తీసి నాలుగు కాగితాల మీదా సంతకం పెట్టాడు.

సంతకం పడ్డాక నోరు విప్పవచ్చు. కాగితాలు చుట్టుకుంటూ ముందు ఆయనే అడిగాడు.

"ఇంతకీ ఈ పొరపాటు ఎవరిది?"

యజమాని నాకేసి చూడలేదు, మర్యాదకు. గుమ్మంలో టైపు చేసే ఆవిడ నిలబడి ఉంది. ఆమె వెనక టంకం బల్లల దగ్గరి నలుగురూ ఉన్నారు. నా చేతిలో బొమ్మలు చిరగనివాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

"నాది" అన్నాను. "తప్పు నాదే."

మరదలు చెవి పక్కన చేయి పెట్టుకుని ముందుకు వంగింది.

"ఇటువైపు వినపడలేదు బావా. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను. గుమ్మంలో ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను. వాళ్ళు లోపలికి వచ్చేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మరదలు మూడోసారి కూడా అడిగింది. చెప్పాను.